పగడాలకు ఎంత వెలుతురు కావాలి? రీఫ్ అక్వేరియంలో ఎల్‌ఈడీ దీపం అమర్చుకోవడం

రీఫ్ అక్వేరియం, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, మొదలుపెట్టే వారిని తొలి నెలల్లో ఎక్కువగా తికమకపెట్టేది దీపమే. నీటిలో ఉప్పు ఎంత ఉందో రిఫ్రాక్టోమీటరు చెబుతుంది, వేడి ఎంతో థర్మామీటరు చెబుతుంది, కానీ వెలుతురు దగ్గరికి వచ్చేసరికి వాట్లు, ల్యూమెన్లు, కెల్విన్లు, నానోమీటర్లు, స్పెక్ట్రమ్ అంటూ అరడజను మాటలు ఒకేసారి మీద పడతాయి. అమ్మేవారు వాటిలో తమకు అనుకూలమైనదాన్ని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు. ఈ సందడిలో అసలు అడగవలసిన ప్రశ్న వెనక్కు పోతుంది. పగడం కూర్చున్న చోట, రోజు మొత్తం మీద, దానికి పనికివచ్చే వెలుతురు ఎంత పడుతోంది? ఆ మొత్తం ఈ వారానికీ వచ్చే వారానికీ ఎంత మారుతోంది? దీపం ధర గానీ, గదిలో అది వెలిగే తీరు గానీ ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేవు.

పగడం మొక్క కాదు, జంతువు. జెల్లీఫిష్, సీ ఎనిమోన్‌లు ఉన్న వర్గానికే చెందినది. అయితే వెచ్చని, లోతు తక్కువ సముద్రాల్లో పెరిగే చాలా పగడాల కణాల లోపల జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. అవి కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసిన ఆహారంలో అధిక భాగాన్ని పగడానికి ఇస్తాయి. పగడం బదులుగా తన శ్వాసలో వెలువడే కార్బన్ డయాక్సైడును, నత్రజని వ్యర్థాలను వాటికి అందిస్తుంది. అనుకూల పరిస్థితుల్లో పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం వరకు ఈ శైవలాల నుంచే వస్తుందని అంచనా. కాబట్టి మనం దీపం అమర్చేది కంటికి కనిపించే రంగురంగుల పాలిప్ (పగడంలోని ఒక్కో చిన్న జీవి) కోసం కాదు, దాని లోపల దాగిన గోధుమరంగు శైవలం కోసం.

ఆ శైవలానికి వెలుతురు ఎంత ఎక్కువైతే అంత మేలు అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. వెలుతురును క్రమంగా పెంచుతూ పోతే కిరణజన్య సంయోగక్రియ మొదట నేరుగా పెరుగుతుంది. ఒక స్థాయిలో శైవలం తయారుచేసే ఆహారం పగడం, శైవలం కలిసి ఖర్చు చేసే ఆహారానికి సమానమవుతుంది. దానికి పైన మిగులు మొదలవుతుంది. ఇంకా పెంచితే యంత్రాంగం నిండిపోతుంది, అదనపు వెలుతురు వల్ల లాభం ఆగిపోతుంది. ఆ గీత దాటాక శైవలం అదనపు శక్తిని వేడిగా వదిలించుకోవడానికి ప్రయత్నిస్తుంది. అదీ సరిపోనప్పుడు కణంలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పోగుపడతాయి, పగడం తన శైవలాలను బయటికి నెట్టివేస్తుంది. దీన్నే తెల్లబారడం, అంటే బ్లీచింగ్ అంటారు. తక్కువ వెలుతురులో పగడం నెలల తరబడి నెమ్మదిగా చిక్కిపోతుంది, మనకు గమనించి సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. ఎక్కువ వెలుతురులో కొద్ది రోజుల్లోనే తెల్లబారవచ్చు. ఈ రెండు ప్రమాదాలూ సమానం కావు కనుక, కొత్తవారు పొరబడితే తక్కువ వైపే పొరబడాలన్నది నా అభిప్రాయం.

ఏ పగడానికి ఎంత

వెలుతురును కొలవడానికి ఈ అభిరుచిలో స్థిరపడిన కొలమానం పీఏఆర్. తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు, అంటే ఫోటాన్లు, ఒక చదరపు మీటరు మీద ఒక సెకనులో ఎన్ని మైక్రోమోల్‌లు (ఫోటాన్ల సంఖ్యను లెక్కించే యూనిట్) పడుతున్నాయో అది చెబుతుంది. ఉష్ణమండలంలో నిర్మలమైన మధ్యాహ్నం సముద్రం ఉపరితలం మీద ఈ అంకె సుమారు 2000 ఉంటుంది. ప్రతిసారీ యూనిట్ రాయడం విసుగు కాబట్టి ఇకపై అంకె మాత్రమే రాస్తాను.

డిస్కోసోమా, రోడాక్టిస్ వంటి మష్రూమ్ పగడాలకు 30 నుంచి 75 వరకు చాలు. ఇవి రాళ్ల నీడల్లో కూడా పెరుగుతాయి. గ్రీన్ స్టార్ పాలిప్, టోడ్‌స్టూల్ లెదర్, జోయాంథిడ్‌లు 75 నుంచి 150 మధ్య హాయిగా ఉంటాయి. పెద్ద పాలిప్‌లున్న గట్టి పగడాల్లో, అంటే ఎల్‌పీఎస్‌లో, కొత్తవారు ఎక్కువగా ఎంచుకునే డంకన్, క్యాండీకేన్, హ్యామర్, టార్చ్ కూడా దాదాపు ఇదే పరిధిలోకి వస్తాయి. 250, 350 వంటి అంకెలు అక్రోపోరా లాంటి చిన్న పాలిప్ పగడాలకు సంబంధించినవి. అవి లేని ట్యాంకులో ఆ అంకెలను వెంటాడడం అనవసరం. ఇవి గీత గీసిన హద్దులు కావు. ఒకే జాతి పగడం 60 దగ్గరా 200 దగ్గరా కూడా అలవాటు పడి బతకగలదు. అలవాటు పడడానికి దానికి సమయం ఇచ్చామా లేదా అన్నదే తేడా తెస్తుంది.

పగడాల ఎంపికలో భారతదేశంలో ఉన్నవారు చట్టాన్ని కూడా చూసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రీఫ్‌ను కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్‌లు ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో, లక్షద్వీప్ నుంచో వాటిని తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం నేరం. గట్టి పగడాలు వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో కూడా ఉన్నాయి, 2022 సవరణ తరువాత ఆ ఒప్పందం పరిధిలోని విదేశీ జీవులను ఉంచుకునేవారు ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలి. అందువల్ల హైదరాబాదులోనో విజయవాడలోనో ట్యాంకు పెట్టేవారికి మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు, లెదర్‌లే సరైన ప్రారంభం; వాటికి కూడా దిగుమతి పత్రాలు అడిగి చూడడం మంచిది. ఎల్‌పీఎస్ గురించి ఇక్కడ చెప్పే అంకెలు ట్యాంకుల్లో పెంచిన పగడాలు చట్టబద్ధంగా దొరికే అమెరికా, ఆస్ట్రేలియా వంటి చోట్ల ఉన్న తెలుగువారికి ఎక్కువ ఉపయోగపడతాయి.

పెట్టె మీది అంకెలు ఏం చెబుతాయి, ఏం దాస్తాయి

వాట్ అనేది దీపం తినే కరెంటు లెక్క. అందులో ఎంత వెలుతురుగా మారుతోందో, ఆ వెలుతురులో ఎంత నీటిలోకి దిగుతోందో అది చెప్పదు. ల్యూమెన్, లక్స్ అనేవి మనిషి కంటిని బట్టి తయారైన కొలతలు. మన కంటికి పగటి వెలుతురులో 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ అన్నిటికంటే కాంతివంతంగా తోస్తుంది, నీలం మసకగా తోస్తుంది. అందుకే గదికి వాడే తెల్ల దీపం ల్యూమెన్ల లెక్కలో గొప్పగా కనిపిస్తే, పగడానికి నిజంగా పనికొచ్చే నీలి దీపం పేలవంగా కనిపిస్తుంది. ఇక కెల్విన్ అన్నది మెటల్ హాలైడ్ దీపాల కాలం నుంచి మిగిలిపోయిన అలవాటు. అప్పట్లో 10,000, 14,000, 20,000 కెల్విన్ అని బల్బులను వేరుచేసేవారు, అంకె పెరిగేకొద్దీ నీలం పెరిగేది. నాలుగైదు రకాల ఎల్‌ఈడీ చిప్‌లను కలిపి ఒక్కోదాన్ని విడిగా పెంచి తగ్గించే నేటి దీపాల విషయంలో అది ఛాయను స్థూలంగా సూచిస్తుందే తప్ప, ఒకే కెల్విన్ అంకె వేసుకున్న రెండు దీపాల స్పెక్ట్రమ్ (వెలుతురులోని రంగుల పాళ్లు) ఒకటే అని హామీ ఇవ్వదు.

నీలానికి ఇంత ప్రాధాన్యం ఎందుకన్నది కొంచెం ఓపికగా చూడవలసిన విషయం. సముద్రపు నీరు వెలుతురును రంగు రంగుకూ వేర్వేరుగా పీల్చుకుంటుంది. ఎరుపు మొదటి ఐదు పది మీటర్లలోనే చాలావరకు ఆరిపోతుంది. నారింజ, పసుపు దాని వెనకే పోతాయి. నీలం మాత్రం స్వచ్ఛమైన నీటిలో చాలా లోతుకు చేరుతుంది. ఆ నీలి వెలుతురులోనే జూజాంథెల్లేలు పరిణామం చెందాయి. వాటిలోని పత్రహరితం ఏ రకం 430 నానోమీటర్ల చుట్టుపక్కల, సీ2 రకం 450 చుట్టుపక్కల కాంతిని బలంగా పట్టుకుంటాయి. పెరిడినిన్ అనే మరో వర్ణకం నీలం నుంచి ఆకుపచ్చ దాకా ఉన్న మధ్య భాగాన్ని అందుకుంటుంది. గోధుమరంగు రావడానికి కారణం కూడా ఈ వర్ణకాల కలయికే. రీఫ్ దీపాల్లో 400 నుంచి 420 నానోమీటర్ల ఊదా చిప్‌లు, 450 దగ్గరి రాయల్ బ్లూ చిప్‌లు, 470 దగ్గరి నీలి చిప్‌లు ఎక్కువగా ఉండడం ఈ పీల్చుకునే పరిధిని అనుసరించే.

నీలి ఎల్‌ఈడీ లేకపోతే ఈ అభిరుచికి ఈ రూపమే ఉండేది కాదు. దాన్ని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. మనం తెలుపు ఎల్‌ఈడీ అని పిలిచేది కూడా సాధారణంగా నీలి చిప్ మీద పసుపుపచ్చ ఫాస్ఫర్ పూత వేసినదే. అంటే తెలుపు చానల్ (విడిగా పెంచి తగ్గించగల ఒక రంగు చిప్‌ల వరుస) పెంచినప్పుడు కూడా కొంత నీలం పెరుగుతుంది, దానితోపాటు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు భాగాలు చేరతాయి. ఆ మధ్య రంగులు కూడా కిరణజన్య సంయోగక్రియకు కొంతమేర ఉపయోగపడతాయి, చేపల సహజమైన రంగు కంటికి కనిపించాలంటే అవి ఉండాలి కూడా. ఎరుపు చానల్ విషయంలో మాత్రం చేయి బిగబట్టడం మంచిది. స్టైలోఫోరా పిస్టిల్లాటా అనే పగడం మీద 2014లో వెలువడిన ఒక పరిశోధన, ఎరుపు ఎక్కువైన వెలుతురు దాని ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని చూపించింది. కంటికి హాయిగా అనిపించేంత మేరకు, ఐదు శాతం లోపు ఎరుపుతో సరిపెట్టుకోవచ్చు.

పగడాలు నీలి వెలుతురులో ఆకుపచ్చగా, నారింజగా మెరవడం వేరే సంగతి. కొన్ని ప్రోటీన్లు నీలి కాంతిని పీల్చి, ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న రంగులో తిరిగి విడుదల చేస్తాయి. తెలుపు ఆపేసి నీలం ఒక్కటే ఉంచితే అతి మామూలు పగడం కూడా నిప్పుకణికలా వెలుగుతుంది; అమ్మకానికి పెట్టిన పగడాల ఫోటోలు దాదాపు అన్నీ ఇలా తీసినవే. ఆ మెరుపు ఆ పగడం ఆరోగ్యానికి గానీ, అక్కడ చాలినంత వెలుతురు ఉందనడానికి గానీ రుజువు కాదు. తెల్లబారుతున్న పగడం కూడా కొంతకాలం మరింత కళగా మెరుస్తుంది, ఎందుకంటే గోధుమరంగు శైవలం తగ్గేకొద్దీ ప్రోటీన్ల రంగు అడ్డులేకుండా పైకి కనిపిస్తుంది. కనీసం రోజుకు ఒకసారి తెలుపు వెలుతురు పెట్టి పగడాలను చూసుకోవలసింది ఇందుకే.

ఎన్ని వాట్లు అనే ప్రశ్నకు ఒక చిన్న లెక్క

ఉదాహరణకు పొడవు 60, వెడల్పు 45, ఎత్తు 40 సెంటీమీటర్లు ఉన్న ట్యాంకును తీసుకుందాం. మొదటి రీఫ్‌కు ఇది చక్కటి కొలత. అడుగు వైశాల్యం 0.27 చదరపు మీటర్లు. సగటున 100 పీఏఆర్ కావాలంటే సెకనుకు 27 మైక్రోమోల్‌ల ఫోటాన్లు అక్కడికి చేరాలి. 450 నానోమీటర్ల నీలి కాంతి అయితే ఒక వాటు కాంతిశక్తికి సుమారు 3.76 మైక్రోమోల్‌లు వస్తాయి. అంటే కావలసిన కాంతి దాదాపు 7.2 వాట్లు మాత్రమే. చిప్ కరెంటులో సుమారు సగాన్ని కాంతిగా మారుస్తుందనుకుంటే 15 వాట్లు అవుతుంది. లెన్స్ దగ్గర, నీటి ఉపరితలం దగ్గర, గాజు బయటికి జారిపోయే వెలుతురు దగ్గర ఇంకో సగం పోతుందనుకున్నా 30 వాట్ల దగ్గర ఆగుతుంది. నిజమైన ట్యాంకులో రాళ్ల నీడలు ఉంటాయి, తెలుపు చానల్ ఉంటుంది, కాబట్టి 50, 60 వాట్ల దీపం కొని దాన్ని సగం సామర్థ్యంతో నడపడం సబబు. ఈ ట్యాంకుకు 150 వాట్ల దీపం కొనడం తప్పు కాదు గానీ, దాన్ని నూటికి నూరు శాతం మీద వెలిగిస్తే మష్రూమ్‌లు నిలవవు.

మొత్తం ఎంత అన్నది సగం ప్రశ్నే. అది ఎలా పరుచుకుంటుందన్నది మిగతా సగం. ఎల్‌ఈడీ దీపాలు చాలావరకు ఒకే చిన్న ముఖం నుంచి వెలుతురు చిమ్ముతాయి. దీపం నీటికి దగ్గరగా ఉంటే సరిగ్గా కింద 250, మూలలో 30 ఉండవచ్చు. పైకి ఎత్తేకొద్దీ మధ్య తీవ్రత తగ్గి అంచులు మెరుగుపడతాయి, గదిలోకి జారే వెలుతురు మాత్రం పెరుగుతుంది. లెన్స్ కోణం ఇరుకైతే వెలుతురు లోతుకు బలంగా దిగుతుంది, వెడల్పైతే పలచబడి విస్తరిస్తుంది. 40 సెంటీమీటర్ల లోతు ట్యాంకుకు ఇరుకు లెన్స్‌తో పనిలేదు. నీటికి 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తు చాలా దీపాలకు మంచి ప్రారంభ స్థానం, తయారీదారు వేరే ఎత్తు సూచిస్తే దాన్నే పాటించాలి. పొడవు 60 సెంటీమీటర్లు దాటిన ట్యాంకుకు ఒక పెద్ద దీపం కంటే రెండు చిన్న దీపాలు మేలు. రెండు దిశల నుంచి వెలుతురు పడితే పగడం తన నీడలోనే తాను ఎండిపోయే పరిస్థితి తగ్గుతుంది, ఒకటి చెడిపోయినా ట్యాంకు పూర్తిగా చీకటి కాదు.

ట్యాంకులో నీటి అలల వల్ల అడుగున కదిలే మెరుపుగీతలు అందంగా ఉంటాయి. అల ఒక కుంభాకార కటకంలా పనిచేసి వెలుతురును ఒక్క క్షణం ఒక చోట గుమిగూడ్చడం వల్ల అవి పుడతాయి, ఆ క్షణంలో అక్కడి పీఏఆర్ సగటుకంటే చాలా ఎక్కువ ఉంటుంది. మీటరు అంకె ఒకచోట నిలవకుండా ఊగడానికి కారణం ఇదే. కొలిచేటప్పుడు పంపులు కొద్దిసేపు ఆపడం గానీ, ఊగే అంకెల సగటు తీసుకోవడం గానీ చేయాలి.

కొలవడం, కొలవలేనప్పుడు చేయవలసింది

నీటిలో ముంచి వాడే పీఏఆర్ మీటరు ఖరీదైనది, ఏడాదికి రెండు మూడుసార్లకు మించి అవసరం పడనిది. అమెరికాలో కొన్ని దుకాణాలు, అభిరుచి సంఘాలు దాన్ని అద్దెకు ఇస్తాయి. మన దగ్గర నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడమే ఆచరణ సాధ్యం. పాత రకం సెన్సర్లు కొన్ని నీలాన్ని తక్కువగా చూపుతాయి. పైగా నీటిలో ముంచినప్పుడు సెన్సరుకు అందే కాంతి గాలిలో కంటే తగ్గుతుంది, అందుకు దిద్దుబాటు గుణకం వాడాలి. నీటికోసమే తయారైన మీటర్లలో ఈ దిద్దుబాటు ముందే చేర్చి ఉంటుంది. ఇసుక మీద నాలుగు మూలలు, మధ్య, రాతి పైభాగం, రాతి మధ్య గట్టు అని ఏడెనిమిది చోట్ల కొలిచి ఒక కాగితం మీద పటం గీసుకుంటే, పగడాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ముప్పావు వంతు తీరిపోతుంది. మష్రూమ్‌ను 40 ఉన్న మూలలో, జోయాంథిడ్‌లను 100 ఉన్న గట్టు మీద, లెదర్‌ను 120 దగ్గర పెట్టవచ్చు. గ్రీన్ స్టార్ పాలిప్ ఏ వెలుతురులోనైనా చాపలా పాకిపోతుంది కనుక దానికి విడిగా ఒక రాయి కేటాయించకపోతే తరువాత చింతించవలసి వస్తుంది.

ఫోన్‌లోని లక్స్ యాప్‌తో పీఏఆర్ తెలుసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. పగటి ఎండలో ఒక పీఏఆర్‌కు సుమారు 54 లక్స్ అన్న మార్పిడి నిజమే. అయితే నీలం ఎక్కువైన దీపం కింద ఆ గుణకం పూర్తిగా మారిపోతుంది, యాప్ చెప్పే అంకె నిజంకంటే చాలా తక్కువ చూపుతుంది. ఆ అంకెను నమ్మి దీపం పెంచితే పగడాలు తెల్లబారతాయి. చానళ్లు మార్చకుండా ఉంచిన ఒకే దీపం కింద, ఒక చోటికీ మరో చోటికీ నిష్పత్తి ఎంతో చూసుకోవడానికి మాత్రం ఫోన్ పనికొస్తుంది. అంతకు మించి దాన్ని అడగకూడదు.

మీటరు చేతికి అందేదాకా దీపం తయారీదారు ఇచ్చే పీఏఆర్ పటమే ఆధారం. దాన్ని చదివేటప్పుడు అది గాలిలో కొలిచిందా నీటిలో కొలిచిందా, ఎంత ఎత్తు నుంచి, ఏ చానళ్లు ఎంత శాతం మీద ఉండగా అన్నవి చూడాలి. ఇవి రాయని పటం ప్రకటనతో సమానం. ఇంకొకరి దీపం శాతాలను యథాతథంగా దించుకోవడం కూడా అంతే ప్రమాదం. ఒక కంపెనీ దీపంలో నీలం 60 శాతం, మరో కంపెనీ దీపంలో నీలం 60 శాతం ఒకటి కావు. ఒకే దీపంలో కూడా స్లైడరు సగానికి తగ్గిస్తే పీఏఆర్ కచ్చితంగా సగం కావాలని లేదు.

పగలు ఎంత పొడవు ఉండాలి

పగడానికి చేరే మొత్తం వెలుతురు తీవ్రత, వ్యవధి రెండింటి గుణకారం. 100 పీఏఆర్ ఎనిమిది గంటలు ఉంటే రోజుకు చదరపు మీటరుకు 2.88 మోల్‌ల ఫోటాన్లు అవుతాయి. ఇప్పటి దీపాలు తెల్లవారినట్టు నెమ్మదిగా పెరిగి, సాయంత్రానికి నెమ్మదిగా తగ్గుతాయి. అలాంటి 12 గంటల పగలు మధ్యాహ్నపు తీవ్రతతో నిలకడగా వెలిగిన 7.6 గంటలతోనే సమానం. కాబట్టి ఆ రోజువారీ మొత్తానికే చేరాలంటే 12 గంటల ర్యాంప్‌లో (నెమ్మదిగా పెరిగి తగ్గే షెడ్యూలులో) మధ్యాహ్నపు శిఖరం 105 దగ్గర ఉండాలి. ఈ తేడా పట్టించుకోకుండా, నిలకడ షెడ్యూలు నుంచి అదే శిఖరంతో 12 గంటల ర్యాంప్‌కు మారినవారు రోజు పొడవు ఒకటిన్నర రెట్లు చేశామనుకుంటారు గానీ, చేరే వెలుతురు కొంచెం తగ్గి ఉంటుంది. అదే శిఖరంతో 12 గంటలు నిలకడగా ఉంచినవారు అందుకు భిన్నంగా ఒక్కసారి సగం ఎక్కువ వెలుతురు వేస్తారు.

మష్రూమ్, లెదర్ వంటి మెత్తని పగడాలకు (సాఫ్ట్ కోరల్స్‌కు), ఎల్‌పీఎస్‌కు ఎనిమిది గంటల ప్రధాన వెలుతురు, ముందూ వెనకా గంట చొప్పున పెరుగుదల, తగ్గుదల సరిపోతాయి. రాత్రంతా నీలి వెన్నెల వెలిగించడం అందం కోసమే తప్ప పగడానికి అవసరం లేదు. చీకటి కూడా వాటి దినచర్యలో భాగమే. చాలా పగడాలు చీకట్లోనే తమ సన్నని చేతులు చాచి ఆహారం పట్టుకుంటాయి. ఇంటివారు ట్యాంకు చూసేది సాయంత్రమే అయితే దీపాన్ని ఉదయం పదకొండుకు మొదలుపెట్టి రాత్రి తొమ్మిదికి ఆర్పవచ్చు. గడియారం ఎంతైనా ఫర్వాలేదు గానీ రోజూ అదే వేళ పాటించడానికి టైమరు ఉండాలి. కిటికీ ఎండ మీద ఆధారపడడం సరికాదు, అది కాలాన్ని బట్టి మారుతుంది, నీటిని వేడి చేస్తుంది, గాజు మీద నాచు పెంచుతుంది. కొత్త ట్యాంకులో నైట్రోజన్ చక్రం (వ్యర్థాల అమ్మోనియాను బ్యాక్టీరియా మార్చే ప్రక్రియ) కుదురుకునేదాకా, పగడం ఒక్కటీ లేనప్పుడు, దీపం వెలిగించకపోయినా నష్టం లేదు. ఆ దశలో వెలుతురుతో బాగుపడేది నాచు ఒక్కటే.

నెమ్మదిగా పెంచడం

కొత్తగా తెచ్చిన పగడం దుకాణంలో ఎంత వెలుతురులో ఉందో మనకు తెలియదు, దారిలో ఒకటి రెండు రోజులు చీకట్లోనే ఉంది. మారిన వెలుతురుకు తగ్గట్టు శైవలం తనలోని పత్రహరితాన్ని, పగడం తనలోని శైవలాల సంఖ్యను సవరించుకోవాలి. ఈ పని రోజుల్లో మొదలై వారాలు పడుతుంది. లక్ష్యం 100 అయితే 50 దగ్గర మొదలుపెట్టి వారానికి పది చొప్పున పెంచితే ఐదు వారాల్లో చేరుకుంటాం. చాలా దీపాల యాప్‌లలో ఈ పనికి విడిగా ఒక సదుపాయం ఉంటుంది. పాత పగడాలు ఉన్న ట్యాంకులో కొత్తదాన్ని చేర్చేటప్పుడు దీపం మొత్తాన్ని తగ్గించడం కంటే, కొత్తదాన్ని తక్కువ వెలుతురు ఉన్న మూలలో ఉంచి, తరువాత దాని స్థానానికి ఒక్కసారే మార్చడం నయం. వారానికొకసారి పగడాన్ని అటూ ఇటూ జరుపుతూ, చానళ్లు మారుస్తూ ఉండేవారి ట్యాంకుల్లో ఏ మార్పు ఏ ఫలితం ఇచ్చిందో ఎప్పటికీ తేలదు.

వేసవిలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అధిక వేడి, అధిక వెలుతురు కలిసినప్పుడు పగడం తెల్లబారే అవకాశం ఒక్కొక్కటి విడిగా ఉన్నప్పటికంటే చాలా ఎక్కువ. 1998, 2010, 2016లలో లక్షద్వీప్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారింది సముద్రం అసాధారణంగా వేడెక్కినప్పుడే. ట్యాంకు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో అది 29 దాటుతుంటే, నీరు చల్లబడేదాకా వెలుతురును పాతిక శాతం తగ్గించడం తేలికైన రక్షణ. నీటి మీదికి ఫ్యాన్ గాలి కొట్టిస్తే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాదు పొడి వేసవిలో ఇది బాగా పనిచేస్తుంది, విశాఖ, కాకినాడల ఉక్కపోతలో అంతగా పనిచేయదు, అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పకపోవచ్చు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ముందుగా నడవవలసింది నీటిని కదిపే పంపు. పగడం ఒక రోజు వెలుతురు లేకుండా ఉండగలదు, ఆక్సిజన్ లేకుండా ఉండలేదు.

పగడం చెప్పే గుర్తులు

వెలుతురు ఎక్కువైనప్పుడు రంగు ముందుగా పైభాగంలో, దీపానికి ఎదురుగా ఉన్న వైపు పాలిపోతుంది, నీడ పడే వైపు గోధుమరంగు అలాగే ఉంటుంది. మష్రూమ్ ముడుచుకుని దొన్నెలా మారుతుంది, జోయాంథిడ్‌లు పగలంతా మూసుకుని ఉంటాయి. వెలుతురు చాలనప్పుడు జోయాంథిడ్‌ల కాడలు దీపం వైపు సాగుతాయి, మష్రూమ్ పలచగా విస్తరిస్తుంది, రంగులు గోధుమ వైపు మళ్లుతాయి. ఈ గుర్తులను చూసి వెంటనే దీపం మీద చేయి వేయకూడదు. టోడ్‌స్టూల్ లెదర్ అప్పుడప్పుడు ముడుచుకుని, మైనం పూసినట్టు నిగనిగలాడి, ఆ పైపొరను విడిచి మళ్లీ తెరుచుకోవడం దాని సహజ స్వభావం. వారం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది. నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయినా పగడాలు పాలిపోతాయి, అది అచ్చం ఎక్కువ వెలుతురు లక్షణంలాగే కనిపిస్తుంది. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉన్నాయని, ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల కొలత) 8 లేదా 9 డీకేహెచ్ యూనిట్ల దగ్గర ఊగకుండా ఉందని తేలిన తరువాతే దీపాన్ని అనుమానించాలి. అనుమానం నిజమైతే 20, 30 శాతం తగ్గించి, రెండు మూడు వారాలు ఏమీ మార్చకుండా ఆగాలి.

మనం సెట్టింగు ముట్టకపోయినా వెలుతురు మారిపోయే సందర్భాలు కొన్ని ఉన్నాయి. నీటి తుంపరలు ఎండి లెన్స్ మీద, గాజు మూత మీద తెల్లటి ఉప్పుపొర కడుతుంది. నెలలు వదిలేసి ఒక్కసారి తుడిస్తే పగడాల మీద ఒక్కసారిగా వెలుతురు పెరుగుతుంది, అందుకే వారానికోసారి తుడవడం మంచిది. నీటిలో సేంద్రియ పదార్థాలు పేరుకుని లేత పసుపు రంగు వస్తుంది, ఆ పసుపు ప్రధానంగా నీలాన్ని, ఊదాను మింగేస్తుంది. చాలాకాలం తరువాత యాక్టివేటెడ్ కార్బన్ నిండుగా వేస్తే ఒకటి రెండు రోజుల్లో నీరు గాజులా తేటపడి, అదే దీపం కింద పగడాలు తెల్లబారిన సందర్భాలు అభిరుచిపరులకు తెలిసినవే; కార్బన్‌ను కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా మార్చుకుంటే ఈ ఇబ్బంది రాదు. ఎల్‌ఈడీలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి గానీ క్రమంగా మసకబారతాయి, దీపంలోని ఫ్యాన్‌లో దుమ్ము నిండితే చిప్ వేడెక్కి ఆ మసక త్వరగా వస్తుంది. పాత దీపం తీసి కొత్తది బిగించే రోజున, పాతదాని కింద ప్రతి పగడం దగ్గర కొలిచిన అంకెలను ముందు పెట్టుకుని, కొత్త దీపాన్ని ఆ అంకెల్లో మూడింట రెండు వంతులు వచ్చేలా తగ్గించి మొదలుపెట్టి, నాలుగైదు వారాల్లో పాత స్థాయికి తేవాలి. పాత దీపం ఎంత శాతం మీద నడిచిందన్నది ఆ లెక్కలో ఎక్కడా అక్కరకు రాదు.